ప్రయోగశాల బీరువాకు తాళం తీయండి

ఆమ్లాలు, క్షారాలు లిట్మస్ కాగితం రంగును ఎలా మారుస్తాయో తెలిపే ప్రయోగాన్ని వివరించండి. పదో తరగతి పిల్లలకు ఇలాంటి ప్రశ్న కొత్తకాదు. కావలసిన వస్తువులు, చేసే విధానం, పరిశీలన, ఫలితం అని వరసగా శీర్షికలు పెట్టి, స్కేలుతో గీతలు గీసి, పటం వేసి మరీ రాస్తారు. మార్కులు కూడా నిండుగా పడతాయి.

కొన్నేళ్ళ కిందట ఇలాగే రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి, పేపర్లు ఇచ్చేటప్పుడు, నీలి లిట్మస్ కాగితం ముక్క ఒకటి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం కాగితం సార్?" అని అడిగింది. పక్కనున్న పిల్లలకూ తెలియలేదు. నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ తరగతికి సైన్సు చెప్పింది నేనే. ఆ కాగితాల కట్ట రెండేళ్ళుగా ఉన్నది నా గది బీరువాలోనే. దాని తాళం ఉన్నది నా జేబులోనే.

పదవీ విరమణ చేసిన తర్వాత ఈ మాట ఒప్పుకోవడం తేలిక. ఉద్యోగంలో ఉండగా ఎందుకు ఒప్పుకోలేకపోయానో, ఇప్పటికీ మన జిల్లాలో చాలా హైస్కూళ్ళలో ఆ తాళం ఎందుకు ఊడడం లేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తాళం ఎందుకు పడింది?

పల్లెటూరి ఉన్నత పాఠశాలల్లో ప్రయోగశాల అనే బోర్డు ఉన్న గదిలోకి వెళ్ళి చూడండి. ఒక మూల మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. ఇంకో మూల కాళ్ళు విరిగిన బల్లలు. గోడవార ఇనుప బీరువా. దాని లోపల దుమ్ముపట్టిన టెస్ట్ ట్యూబులు, చీటీలు ఊడిపోయిన సీసాలు, గడ్డకట్టిన ఉప్పులు. అన్ని బడులూ ఇలాగే ఉన్నాయనడం లేదు. సొంత డబ్బు పెట్టి ప్రయోగాలు చేయించే ఉపాధ్యాయులను నేనెరుగుదును. కాని వారి బడి నుంచి వారు బదిలీ కాగానే అక్కడా తాళం పడుతుంది.

దీనికి ఉపాధ్యాయుల బద్ధకమే కారణమనుకుంటే పొరపాటు. మొదటి కారణం స్టాకు రిజిస్టరు. అందులో ఇరవై బీకర్లు ఉన్నాయని రాసి ఉంటే, బదిలీ అయ్యేటప్పుడు ఇరవై అప్పజెప్పాలి. పిల్లల చేతికిస్తే గాజు పగులుతుంది. పగిలితే సమాధానం చెప్పాల్సింది ఉపాధ్యాయుడు. ఇవ్వకపోతే ఏ అధికారీ ఎందుకివ్వలేదని అడగడు. ఇలాంటి ఏర్పాటులో ఎవరైనా ఏం చేస్తారు? తాళమే వేస్తారు. నేనూ అదే చేశాను.

రెండో కారణం పరీక్ష. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రయోగం గురించి రాయమంటారు గాని, చేసి చూపమనరు. విద్యాశాఖ నిర్దేశించిన విద్యా ప్రమాణాల్లో ప్రయోగాలు, క్షేత్ర పరిశీలన అనేది ఒకటిగా ఉంది. పాఠ్యపుస్తకం నిండా కృత్యాలున్నాయి. చివరికి అవన్నీ బట్టీపట్టే పాఠాలైపోయాయి. వంట చేయకుండా వంటకం తయారీ విధానం అప్పజెప్పినట్టుంది మన పిల్లల రసాయన శాస్త్రం.

ఇంటర్‌లో సైన్సు గ్రూపులో చేరితే ప్రయోగ పరీక్ష ఉంటుంది. అప్పటిదాకా డ్రాపరు కూడా పట్టుకోని పిల్లలు అక్కడ పిపెట్టు, బ్యూరెట్టు, లవణ విశ్లేషణ అంటే బిక్కమొహం వేస్తారు. వారి సంగతి అలా ఉంచితే, పదో తరగతితోనే సైన్సు వదిలేసే పిల్లల మాటేమిటి? ఆర్ట్సు గ్రూపులో చేరేవారు, చదువు ఆపి వ్యవసాయంలోకో పెళ్ళిలోకో వెళ్ళేవారు, వీరందరికీ జీవితంలో ప్రయోగశాల చూసే చివరి అవకాశం హైస్కూలే.

మన పేరు పెట్టుకున్న రసాయన ప్రక్రియ

ఈ సంగతి ఏ జిల్లాకైనా విచారమే. నల్లగొండ జిల్లాకు మాత్రం అంతకు మించిన విషయం. ఎందుకో చెబుతాను.

ప్రపంచంలో తాగునీటి శాస్త్రం చదివిన వారికి 'నల్లగొండ పద్ధతి' అంటే తెలుసు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ప్రక్రియ అది. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడతారు. నీటిలో పటిక కలిసినప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తని తెట్టెలుగా ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ ఆ తెట్టెలకు పట్టుకుని అడుక్కి దిగుతుంది. సున్నం నీటికి కావలసిన క్షారత్వాన్నిచ్చి, తెట్టె త్వరగా పేరుకునేలా చేస్తుంది. బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపుతుంది. కుళాయి బిగించిన నలభై లీటర్ల బకెట్టులో ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీరు పట్టుకోవడమే. పటిక ఎక్కువ అవసరం కావడం, మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోవడం ఇందులో లోపాలు. మోతాదు తెలియాలంటే ముందు నీటిని పరీక్షించాలి. అంటే చేతిలో రసాయన శాస్త్రం ఉండాలి.

మన జిల్లా పేరుతో ఇతర దేశాల పుస్తకాల్లో ఉన్న ఈ ప్రయోగాన్ని, మన జిల్లా హైస్కూలు పిల్లల్లో ఎంతమంది ఒక్కసారైనా కళ్ళతో చూశారు? చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో ఏ బడిలోనైనా అడిగి చూడండి.

ఫ్లోరైడ్ మనకు పుస్తకంలోని మాట కాదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఊళ్ళలో నడుములు వంగిన మనుషులను, కాళ్ళు వంకరపోయిన పిల్లలను చూస్తూ పెరిగాం. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉన్నా, మెట్ట ఊళ్ళకు దశాబ్దాల పాటు బోరు నీళ్ళే గతి. గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరిన్ ఖనిజాలు కరిగి ఆ నీటిలో చేరాయి. ఈ గోడు ఢిల్లీకి వినిపించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తర్వాత మిషన్ భగీరథ కింద నది నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. మేలు జరిగింది. కాదనను.

కాని పైపు పగిలిన రోజున, మోటారు కాలిన వారంలో, పొలం దగ్గర దాహమేసినప్పుడు మళ్ళీ బోరు నీళ్ళే తాగుతున్నాం. "కాచి తాగితే ఏం కాదు" అని పెద్దలు పిల్లలకు చెబుతారు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు కొంత ఆవిరై పోవడం వల్ల మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. మురికినీరు కంటికి కనిపిస్తుంది గనుక వెనకటి వాళ్ళు చిల్లగింజ అరగదీసి తేర్చుకున్నారు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. దాన్ని పట్టుకునేది రసాయన పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. కిట్టులోని ఎర్రని రసాయనం చుక్కలు నీటి నమూనాలో వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు పసుపు వైపు తిరుగుతుంది. కిట్టుతో వచ్చే రంగుల పట్టీతో పోల్చి చూడాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీటి వసతి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. రంగును బట్టి పరిమాణం కనిపెట్టే ఈ ఉపాయం మనవాళ్ళకు కొత్త కూడా కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం పరీక్ష కూడా రంగు మీద ఆధారపడినదే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడడం నేర్పాలన్నాయి. తల్లికి నేర్పదగిన పని పదో తరగతి చదివే కూతురికి నేర్పడానికి అడ్డేమిటి?

ఇంటి నిండా రసాయనాలే

ప్రయోగాలంటే ఖరీదైన సామాను అనే భయం చాలామందిలో ఉంది. పాఠ్యపుస్తకంలోని ప్రయోగాల్లో చాలావాటికి ముడిసరుకు మన వంటింట్లో, పశువుల కొట్టంలో, చేను గట్టున ఉంది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. క్షారాన్ని గుర్తించే సూచిక అదే. కాలిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. యూరియాను బకెట్టు నీళ్ళలో కలిపితే చెయ్యి జిల్లుమంటుంది. ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యలని పుస్తకంలో రాసిన బండమాటలకు అర్థం ఆ రెండు బకెట్లలో ఉంది. చింతపండుతో రాగి చెంబు తోమితే ఎందుకు మెరుస్తుంది? తేరిన సున్నపునీటిలోకి గొట్టంతో ఊదితే ఎందుకు తెల్లబడుతుంది? గోడకు వేసిన వెల్ల నాలుగు రోజులకు ఎందుకు గట్టిపడుతుంది? చెట్టు దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ ఎందుకు పులుస్తుంది? ఈ ప్రశ్నలు అడిగే పిల్లవాడికి రసాయన శాస్త్రం అంటే భయం ఉండదు.

బత్తాయి రైతులను అడగండి. తోటలో తెగుళ్ళకు మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారు చేస్తారు. ఒక శాతం మిశ్రమానికి నూరు లీటర్ల నీటికి ఒక్కొక్కటి కిలో. ఇనుప పాత్ర వాడకూడదంటారు. కలిపాక శుభ్రమైన కత్తి మొన కొంచెంసేపు ముంచి తీసి, ఎర్రని పూత పడితే ఇంకాస్త సున్నం కలుపుతారు. ఇది పదో తరగతి పుస్తకంలో ఇనుప మేకును మైలుతుత్తం ద్రావణంలో ముంచే ప్రయోగమే. ఇనుము రాగిని తొలగించి దాని స్థానంలో చేరుతుంది. రాగి ఇనుము మీద పూతగా పడుతుంది. తండ్రి తోటలో చేసే పని, కొడుకు బడిలో బట్టీపట్టే సమీకరణం ఒకటేనని ఇద్దరికీ తెలియకపోవడం కన్నా విచారం ఏముంది?

తెలియకపోతే ప్రాణాల మీదికీ వస్తుంది. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఆమ్లం పలుచన చేయాలంటే నీళ్ళలో ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి గాని, ఆమ్లంలో నీళ్ళు పోయరాదు. పోస్తే చిమ్మి మొహాన పడుతుంది. ఈ నియమం పిల్లలందరూ పరీక్షలో రాస్తారు. చేతులతో చేసినవాడికి మాత్రమే ఆపదవేళ గుర్తొస్తుంది.

ఎదురు వచ్చే మాటలు

పిల్లలు ఒళ్ళు కాల్చుకుంటే ఎవరిది బాధ్యత అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గాఢ ఆమ్లాలు, సోడియం లోహం వంటివి ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి. పిల్లలకు ముందే పలుచన చేసినవి ఇవ్వాలి. కళ్ళద్దాలు, బకెట్టు నీళ్ళు, బకెట్టు ఇసుక లేనిదే గది తెరవకూడదు. ఏదీ నోటితో పీల్చరాదు, రుచి చూడరాదు. సీసాల లెక్కన కాక చుక్కల లెక్కన చేసే సూక్ష్మ ప్రయోగాలను యునెస్కో అనేక దేశాల్లో ప్రోత్సహించింది. చుక్కలతో చేస్తే ఖర్చు తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

ఇప్పుడు తెర మీద వీడియోలు చూపిస్తున్నాం కదా అని మరికొందరు అంటారు. చూపండి, మంచిదే. కాని గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నవాడు లేడు. వీడియోలో ప్రయోగం ఎప్పుడూ తప్పిపోదు. బడిలో తప్పిపోతుంది. ఎందుకు తప్పిందని వెతకడం దగ్గరే సైన్సు మొదలవుతుంది. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ అవసరం మరీ పెరిగింది. భాష కొత్తదైనప్పుడు, కంటితో చూసింది, చేత్తో చేసింది ఒక్కటే పిల్లవాడికి ఆసరా.

సిలబస్ పూర్తికాదనే మాట కూడా ఉంది. ఒక జిల్లా అనుభవం చెబుతాను. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ పాఠశాలల్లో చేసి నేర్చుకునే సైన్సు బోధన మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు జట్లుగా కూర్చుని తక్కువ ఖర్చు కిట్లతో ప్రయోగాలు చేశారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోనిచ్చారు, ప్రయోగం మాత్రం చేసి చూపమన్నారు. కొన్నేళ్ళలో ఆ పద్ధతి వందలాది ప్రభుత్వ బడులకు పాకింది. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పల్లెటూరి బడిలో, మామూలు ఉపాధ్యాయులతో ఈ పని ముప్పయ్యేళ్ళు సాగగలదని మాత్రం రుజువైంది. పైవారి అండ లేకపోతే ఎంత మంచి పనైనా ఒక్క ఉత్తర్వుతో ఆగిపోతుందని కూడా రుజువైంది.

చేయవలసినవి

గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఐదు పనులు చాలు.

ఒకటి: ప్రయోగాల్లో గాజు సామాను పగిలితే, ఏడాది చివర లెక్క రాసి రద్దు చేయవచ్చునని, అందుకు ఉపాధ్యాయుడి మీద భారం ఉండదని జిల్లా విద్యాశాఖాధికారి రాతపూర్వకంగా చెప్పాలి. ఈ ఒక్క కాగితంతో సగం తాళాలు ఊడతాయి.

రెండు: సమగ్ర శిక్ష కింద బడులకు వచ్చే వార్షిక గ్రాంటును ప్రయోగశాల ఖర్చులకూ వాడవచ్చు. అందులో కొంత భాగం టెస్ట్ ట్యూబులకు, రసాయనాలకు విధిగా కేటాయించాలి. బియ్యం బస్తాలకు వేరే చోటు చూపాలి.

మూడు: ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు కలిపి ప్రయోగాలకు ఇవ్వాలి. నలభై మంది తరగతిలో నలుగురేసి పది జట్లు కడితే ప్రతి చేతికీ పని దొరుకుతుంది.

నాలుగు: పదో తరగతిలో కొన్ని మార్కులైనా చేసి చూపినందుకు ఉండాలి. మార్కులు లేని పనికి మన బడుల్లో విలువ లేదన్నది చేదు నిజం.

ఐదు: ఏడాదికి రెండుసార్లు, వానాకాలంలో ఒకసారి, వేసవి ముందు ఒకసారి, ప్రతి హైస్కూల్లో నీటి పరీక్ష దినం జరగాలి. ప్రతి విద్యార్థీ తన ఇంటి నీళ్ళు, తన పొలం బోరు నీళ్ళు సీసాలో తెచ్చి తానే పరీక్షించాలి. ఫలితాలను ఊరి పటం మీద గుర్తించి, ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం నాడు గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. పిల్లల లెక్కే తుది తీర్పు కానక్కరలేదు. అనుమానం వచ్చిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి సరిచూడమని సర్పంచి అడగాలి.

ఈ చివరి పనికి పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనవసరం లేదు. బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులు ఈసారి సమావేశానికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మా పిల్ల ఈ ఏడాది ప్రయోగశాలలో ఎన్ని రోజులు ఉంది?" ఆ ప్రశ్నను నా ఉద్యోగ కాలంలో ఒక్క తండ్రి కూడా నన్ను అడగలేదు. ఒక్కరు అడిగినా ఆ బీరువా తాళం తీసి ఉండేవాణ్ణి.

లిట్మస్ కాగితం ఏమిటని అడిగిన ఆ అమ్మాయి అదే రోజు ఇంకొక మాట కూడా అడిగింది. "సార్, మా బోరు నీళ్ళల్ల గూడ ఫ్లోరైడ్ ఉంటదా?" అని. ఆఫీసులో కనుక్కోమని చెప్పి పంపేశాను. చెప్పాల్సిన జవాబు అది కాదు. "రేపు సీసాలో పట్టుకొని రా బిడ్డా, ఇద్దరం కలిసి చూద్దాం" అనాలి. నేను అనలేకపోయిన ఆ మాటను ఇప్పుడున్న సార్లు, టీచరమ్మలు అనగలిగేలా చేయడం మనందరి బాధ్యత.